పాతకారు - శీతకాలము

లేహ్ పట్టణమున శీతకాలపు తెల్లవారుజామున పాతకారు గలవాని పాట్లు మైదానవాసులకు తెలియవు. చలికి డీజిలులోని మైనము గడ్డకట్టి ఫిల్టరును మూసివైచును. ఇంజను నూనె చిక్కబడును. యంత్రమును త్రిప్పుటకు హెచ్చుబలము కావలసిన ఆ వేళనే బ్యాటరీ సత్తువ సన్నగిల్లును. సున్నకు దిగువ 18 డిగ్రీల చలిలో రమారమి సగమునకు పడిపోవును. ముదిసిన బ్యాటరీ సంగతి చెప్పనేల? రేడియేటరులో ఒట్టినీరే యున్నచో నది మంచుగా మారి, నూటికి 9 వంతులు పెరిగి, ఇంజనునే పగులగొట్టగలదు.

2019 నవంబరులో ఇండియన్ ఆయిల్ సంస్థ సున్నకు దిగువ 33 డిగ్రీల వరకు గడ్డకట్టని శీతకాలపు డీజిలును లడఖ్ ప్రాంతమునకు తెచ్చినది. మంచి పనియే. కాని యింధనము మారినంతనే పాత యంత్రమునకు యౌవనము రాదు గదా! కొత్తబండి కొనలేనివాడే పాతబండి కొనును. మునుపటి యజమాని అశ్రద్ధకు వాడే మూల్యము చెల్లించును. ఇది న్యాయమా? బ్యాటరీ వయస్సును, నూనె మార్చిన తేదీని, రేడియేటరులో శీతనిరోధక ద్రవము కలిపినదీ లేనిదీ అమ్మువాడు వ్రాసి యీయవలెనని మేము కోరుచున్నాము. కొనువారును రంగు చూచి మురియక, రాత్రి యంతయు ఆరుబయట నిలిపిన బండిని ఉదయమున నడిపి చూచిన పిమ్మటనే సొమ్ము చెల్లింతురు గాక! చలి నెవ్వరు నాపలేరు, దాపరికము నాపవచ్చును.