పరువు భయమే పెట్టుబడి

సీతాఫల్‌మండి స్టేషనులో ఒక సాయంకాలము లోకలు రైలుకై నిలిచియుండగా, విశ్వవిద్యాలయము వైపు నుండి వచ్చిన విద్యార్థులు కొందరు నా ప్రక్కనే ‘దృశ్యం’ చిత్రమును గూర్చి వాదించుకొనుచుండిరి. 2014లో వెలువడిన చిత్రమైనను, నిన్న చూచివచ్చినంత వేడి వారి మాటలలో నుండెను. కేబులు వ్యాపారి రాంబాబు పోలీసులను బోల్తాకొట్టించిన తీరును ఒకడు వ్రేళ్లు మడిచి వివరించుచుండగా తక్కినవారు మురిసిపోవుచుండిరి. అంతవరకు మాటాడని ఒక బాలిక, “ఆ పిల్ల ముందుగాలనే టీచరుకు చెప్తే అయిపోవు గద?” అన్నది. “అట్లయితే సినిమానే ఉండకపోవు” అని అతడు నవ్వెను.

అతనిని తప్పుపట్టను. మలయాళమున జీతూ జోసెఫ్ 2013లో అల్లిన ఆ కథ గట్టిది. శ్రీప్రియ దర్శకత్వమున వెంకటేశ్, మీనా, నదియా దానికి తెలుగున ప్రాణము పోసిరి. పాఠ్యపుస్తకము చాటున డిటెక్టివు నవల చదివిన ఉపాధ్యాయులు ఈ పుటను చదువువారిలోను ఉందురు గదా!

కాని ఆ బాలిక ప్రశ్న నన్ను వదలలేదు. ప్రకృతి శిబిరమునకు పోయిన విద్యార్థిని స్నానము చేయుచుండగా ఒక యువకుడు సెల్‌ఫోనులో దొంగచాటుగా చిత్రించును; అది చూపి బెదిరించును. సంగతి తెలిసిన తల్లి వానిని బ్రతిమాలుకొనును. ఆ రాత్రియే ఒక దెబ్బ, ఒక ప్రాణము, ఒక గొయ్యి. పోలీసు అధికారిణియైన అవతలి తల్లికి పుత్రశోకము పగగా మారును. మనమందరము గొయ్యి బయటపడరాదని ఊపిరి బిగబట్టి కూర్చుందుము.

తప్పు చేసినవాడు వాడు, తలదించుకొన్నది ఈమె. బ్లాక్‌మెయిలు అను వ్యాపారమునకు ఫోను పనిముట్టు మాత్రమే. “నలుగురికి తెలిసిన ఏమగును?” అను మన భయమే వానికి పెట్టుబడి. “అసలు నీవక్కడికేల పోతివి?” అని మొట్టమొదట ఆడపిల్లనే నిలదీయు ఇండ్లలో ఏ పిల్ల నోరు విప్పును?

చట్టము లేకపోలేదు. స్త్రీని ఏకాంతమున చాటుగా చిత్రించుట 2013 నాటి సవరణతో ప్రత్యేక నేరమైనది. 2024 జూలై నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహితలో అది 77వ సెక్షను. హైదరాబాదున షీ టీములు ఏర్పడినది ‘దృశ్యం’ వచ్చిన 2014లోనే. పదునెనిమిదేండ్లు నిండని పిల్లలకు 2012 నాటి పోక్సో చట్టము కలదు. ఇట్టి నేరము జరిగినదని తెలిసినవారు పోలీసులకు తెలుపవలెనని ఆ చట్టమే విధించినది. పాఠశాల పరువు కొరకు దాచిన ఉపాధ్యాయుడును శిక్షార్హుడే.

అయినను పోలీసు స్టేషను మెట్లెక్కుటకు ముందు పిల్లకు ఒక మనిషి కావలెను. విహారయాత్రకు బయలుదేరునపుడు బస్సు, భోజనము, రుసుము లెక్కలు మనము ఒకటికి రెండుమార్లు చూచుకొందుము. ఎవడైనను బెదిరించినచో ఎవరితో చెప్పవలెనో, చెప్పినందుకు ఎవరును కోపపడరని, ఆనాడే పిల్లలకు చెప్పి పంపుచున్న బడులెన్ని?