ప్రింటరు దాచిన తాళపుచెవి

భద్రాచలమునకు పైన, దుమ్ముగూడెము చర్లల అడవి పల్లెలలో పలుచోట్ల సెల్‌ఫోనునకు సిగ్నలు చిక్కుట కష్టము. అట్టి యింట పిల్లల దరఖాస్తులకు వైఫైయే ఆధారము. దాని పాస్‌వర్డు మరచినవారు కొందరు, ఇంకను కలిసియున్న ప్రింటరు నడిగి తెలిసికొందమని యెంతురు. దానికి తెలియును, చెప్పదు. నెట్‌వర్కు వివరముల పుట అచ్చువేయించినను వైఫై పేరే కనబడును గాని పాస్‌వర్డు సాధారణముగా కనబడదు. ఏటి కావల సారపాకలో కాగితపు మిల్లున్నది గదా యని పుటవెంట పుట తీయించుట యేల?

ఆ పుటలో ‘వైఫై డైరెక్టు’ క్రింద నొక పాస్‌వర్డుండవచ్చును. అది ప్రింటరు సొంతము, ఇంటి వైఫైది కాదు. అయినను నిరర్థకము గాదు: దానితో ఫోనును నేరుగా ప్రింటరునకు కలిపి, ఫోనులో నున్న దరఖాస్తును గడువులోపల అచ్చువేసికొనవచ్చును.

అసలు పాస్‌వర్డునకు, ఇంటి వైఫైతో కలిసియున్న ఆండ్రాయిడు ఫోనును చూడుడు. సెట్టింగులలో వైఫై పేరు నొక్కి ‘షేర్’ అన్నచో క్యూఆర్ కోడు వచ్చును; పెక్కు ఫోనులలో పాస్‌వర్డు దాని క్రిందనే యుండును. మొదటి పాస్‌వర్డును మార్చనివారికి రూటరు వెనుక చీటీయే చాలును.

రూటరునకున్న సూదిబెజ్జమును మాత్రము పొడువవలదని మా మనవి. అమరికలన్నియు చెరిగిన, కొత్తగూడెమునుండి మనిషి వచ్చువరకు ప్రింటరును, ఫోనును రెండును మూగవోవును.