వీథిలో నడక, సైకిలు సవారి



మొన్న సాయంకాలము పొరుగింటి బాలిక సైకిలుపై పోవుచుండగా, మెడచుట్టు వేసికొన్న ఓణీచెంగు వెనుక చక్రమున చిక్కుకొనెను. బండి మెల్లగా పోవుచుండెను గనుక మోకాలు దోకుకొనుటతో గండము గడచినది. "రేపే ఆ సైకిలు నమ్మివేయుడు" అని నాయనమ్మగారు పట్టుపట్టిరి. ఆమె భయము న్యాయమే. కాని దోషము సైకిలుది కాదు, ఓణీ వేసికొన్న తీరుది.

ఇంటిముందటి వీథిలో భయమేమని మన మనుకొందుము. 2022వ సంవత్సరమున మన దేశమున రహదారి ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరి. వారిలో రమారమి అయిదింట నొకరు కాలినడకను పోవువారే. గంటకు 50 కిలోమీటర్ల వేగమున వచ్చు మోటారు సెకనునకు 14 మీటర్లు పోవును. నడుపువాడు మనలను చూచి బ్రేకు వేయునంతలోనే అంతదూరము గడచిపోవును. కావున "వాడే ఆపునులే" యను ధీమా కూడదు.

కాలిబాట యున్నచోట దానిమీదనే నడువవలెను. లేనిచోట కుడి యంచున నడచుట మేలు. మన దేశమున బండ్లు ఎడమప్రక్కను పోవును గదా! కుడి యంచున నడచినచో మన దగ్గరగా వచ్చు బండి యెదురుగా కనబడును. ఎడమ నడచినచో వెనుకనుండి వచ్చును. బిడ్డను బండ్లకు దూరమగు ప్రక్కను నడిపించుచు, చేయి విడువరాదు. బాట దాటునపుడు కుడివైపు, ఎడమవైపు, మరల కుడివైపు చూడవలెను. నిలిచియున్న బస్సు ముందునుండి దాటరాదు. ప్రక్కనుండి వచ్చు బండి మనకు గాని, మనము వానికి గాని కానరాము. నడచుచు ఫోనులో మాటలాడుటయు అట్టిదే.

సైకిలుకు ధర్మము వేరు. అదియు బండియే కావున ఎడమ ప్రక్కనే పోవలెను. ఓణీని భుజముమీదుగా అడ్డముగా తెచ్చి నడుమున ముడివేయవలెను; చీరచెంగును దోపుకొనవలెను. గొలుసునకు మూత, తలకు హెల్మెట్టు ఉండవలెను. బయలుదేరుటకు ముందు రెండు బ్రేకులను, గంటను, గాలిని పరీక్షింపవలెను. నిలిచియున్న కారు తలుపు హఠాత్తుగా తెరువబడవచ్చును గాన, దానికి మీటరు దూరమున పోవలెను. చీకటిపడిన పిమ్మట ముందు తెల్లని దీపము, వెనుక ఎఱ్ఱని దీపము, లేతరంగు దుస్తులు అవసరము.

తలకు దెబ్బ తగిలినపుడు నెత్తురు రాలేదని ఉపేక్షింపకుడు. వాంతి, మగత, మాట తడబాటు కనబడినచో తక్షణము 108కి గాని 112కి గాని ఫోను చేయవలెను.

భయపడి ఆడపిల్లల నింట కూర్చుండబెట్టుట రక్షణ కాదు. జాగ్రత్త నేర్పుటయే రక్షణ. ఆ సైకిలు నమ్మలేదు. నేటి యుదయమున ఆ బాలిక బడికి బయలుదేరుచుండగా, నాయనమ్మగారే దగ్గరకు పిలిచి ఓణీ నడుమున ముడివేసి పంపిరి.