పాత కంప్యూటరు పెట్టె

క్రిందటి మాసమున మావారు తమ పాఠశాలలో మూలబడిన కంప్యూటరు నొకదానిని, ప్రధానోపాధ్యాయులవారి యనుమతితో నింటికి దెచ్చిరి. పాతసామానులవానికి తూకమున పోవలసిన వస్తువది. ఉన్న సామానునకే చోటులేని యింట నిదియెందులకని మేము విసుగుకొంటిమి. మా పెద్దవాడు మాత్రము దానిని జూచి పండుగ చేసికొన్నాడు.

వానికి చిన్న మోటారులు, దీపములు, తీగలు ప్రాణము. వాని బ్యాటరీలకు వారమువారమును డబ్బు పోయలేక, ఇక నొక్క కాసైన నీయమని మేమంతకుముందే గట్టిగా ననియుంటిమి. ఆ మాట వాని మనసున నాటుకొన్నదని మాకప్పుడు తెలియలేదు.

ఒక మధ్యాహ్నము మేము వంటయింటినుండి వచ్చి చూతుము గదా, వాడు కంప్యూటరులోని పవర్ సప్లై పెట్టెను వెలుపలికి దీసి, దాని మూతమరలు విప్పుచున్నాడు. మూడు మరలు నేలమీద నున్నవి! స్క్రూడ్రైవరు లాగికొని కసరితిమి. శాస్త్రము తెలిసి కాదు, భయముచేతనే. వాడా రాత్రి సరిగా నన్నము తినలేదు.

మావారు వచ్చి సంగతి విని తెల్లబోయిరి. గోడనుండి వచ్చు 230 వోల్టుల కరెంటు ఆ పెట్టెలో 300 వోల్టులకు పైబడిన డైరెక్టు కరెంటుగా మారి కెపాసిటర్లలో నిలుచునట. ప్లగ్గు తీసినను వెంటనే పోదట. తాకినచో ప్రాణాపాయము. కావున తల్లులు మొదట గ్రహింపవలసిన దిదియే: ఆ మూతను పిల్లలచే నెన్నడును తీయనీయరాదు. పనియంతయు వెలుపలి తీగలతోనే.

1995లో ఇంటెల్ సంస్థ ఏటీఎక్స్ అను పద్ధతిని వెలువరించెను. ఆ పద్ధతి పెట్టెలలో పసుపు తీగ 12 వోల్టులు, ఎరుపు 5, నారింజ 3.3; నల్లనిది కరెంటు తిరిగివచ్చు దారి. ఆకుపచ్చ తీగను నల్లదానితో గలిపిననే పెట్టె మేలుకొనును. కొన్నింట తీగలన్నియు నల్లగనే యుండును గనుక మల్టీమీటరుతో చూడక నమ్మరాదు.

ఆదివారమున తండ్రికొడుకులు మా విరిగిన పీటను పలకగా జేసికొని కూర్చుండిరి. ప్లగ్గు తీసియుంచి, ఆకుపచ్చ నల్ల తీగల నడుమ చిన్న స్విచ్చి నమర్చిరి. డిస్కులకు బోవు నాలుగు తీగల కొననుండి పసుపు, ఎరుపు, నలుపులను పీటమీది మరలకు దెచ్చిరి. పాత పెట్టెలు కొన్ని భారము లేనిదే నిలుకడగా నడువవు. అందుచే ఎరుపు నలుపుల నడుమ 10 ఓముల, 10 వాట్ల రెసిస్టరు నుంచిరి. అందు పారునది అర ఆంపియరే. అయినను చేయి చురుక్కుమనును. దానిని పీటకు గాక ఇనుపరేకునకు బిగించిరి.

పసుపు, ఎరుపు తీగలకు 2 ఆంపియర్ల ఫ్యూజులుండి తీరవలెనని మావారు పట్టుబట్టిరి. ఈ పెట్టెలు 10 ఆంపియర్లకు మించియు నీయగలవు. సన్నని తీగ పొరబాటున మరియొకదానికి తగిలినచో, పెట్టె తానై యాగుటకు ముందే ఆ తీగ కాలిపోవచ్చును. మూడుకాళ్ల ప్లగ్గును, మంచి ఎర్తును ఉండవలెనని వేరుగ చెప్పనేల?

స్విచ్చి వేయగనే లోని పంకా గిఱ్ఱున తిరిగినది. వాడు మావైపు చూచి నవ్వినాడు. ఆనాటినుండి బ్యాటరీలకు డబ్బడుగలేదు. స్క్రూడ్రైవరెక్కడ దాచితివమ్మా యని మాత్రము రోజు కొకమారడుగుచున్నాడు. మేమింకను చెప్పలేదు.