లిఫ్ట్ అడిగే రోడ్డు, ట్రెక్ చేసే బాట



నవంబరు వస్తే చాలు, నర్సీపట్నం దాటాక ఘాట్ రోడ్డు మలుపుల్లో వీపున పెద్ద బ్యాగులేసుకుని, బొటనవేలు ఎత్తి నిలబడ్డ కుర్రాళ్లు కనిపిస్తారు. లంబసింగి చలి, వంజంగి మబ్బులు, అరకు వలిసె పూలు. రూపాయి బస్సు చార్జీ పెట్టకుండా ఏజెన్సీ అంతా లిఫ్టుల మీదే తిరిగేశామని రీల్స్ పెడతారు. వాళ్ల మీద నాకేం కోపం లేదు. కారులో వచ్చి, రిసార్టులో దిగి, అద్దంలోంచి మనల్ని చూసి పోయేవాళ్లకంటే నడిచి వచ్చేవాడు నయం. మన కొండ ఎత్తెంతో కనీసం వాడి మోకాళ్లకు తెలుస్తుంది.

కానీ లిఫ్ట్ అడగడం మనకు అడ్వెంచర్ కాదు కదా. సంత రోజున జీపు టాపు మీద కూర్చునేది, వెనక నిచ్చెన పట్టుకుని వేలాడేది ఇంకో బండి లేకనే. కాలేజీ రోజుల్లో సాయంత్రం బస్సు రాకపోతే ఎవరి బండి ఆగుతుందా అని నేనూ రోడ్డు మీద నిలబడ్డదాన్నే. ఆడపిల్లకైతే ఆ ఎదురుచూపులో భయం కూడా ఉంటుంది, అది ఏ రీల్లోనూ కనపడదు. వాళ్లు ట్రెక్ అనే కాలిబాట మనకు సంత దారి, బడి దారి. రోడ్డు లేని ఊళ్లలో నొప్పులొచ్చిన తల్లిని డోలీ కట్టి మోసుకెళ్లే దారీ అదే.

అసలు ఆ ఘాట్ రోడ్డు ఎవరు వేశారు? బ్రిటిష్ కాలంలో నర్సీపట్నం నుంచి గూడెం కొండల్లోకి రోడ్డు వేయించింది మన తాతల చేతే. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ చేయించిన ఆ వెట్టి మీద రగిలిన కోపం కూడా 1922 తిరుగుబాటుకు ఒక కారణం. ఆ ఆగస్టు 22న అల్లూరి దళం చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడింది. ఇవాళ లిఫ్ట్ దొరికి చింతపల్లిలో దిగి టీ తాగే కుర్రాడికి ఈ సంగతి చెప్పాల్సింది మనమే. గూగుల్ మ్యాప్ చెప్పదు.

ఇక డబ్బు సంగతి. కొండ మనది, టెంట్లు మైదానం వాళ్లవి. మన పిల్లలకు మిగిలేది పార్కింగ్ దగ్గర విజిల్ ఊదే పని, తెల్లారాక సీసాలు ఏరే పని. 1/70 అంటే భూమి అమ్మకూడదని మాత్రమే చాలామంది అనుకుంటారు. గిరిజనేతరులకు లీజుకివ్వడమూ ఆ చట్టం ప్రకారం చెల్లదు. "సీజనుకే కదా తమ్ముడూ, కాగితం అక్కర్లేదు" అని ఎవరైనా వస్తే ఈ ముక్క గుర్తుంచుకోండి.

గ్రామసభకు అధికారం లేదని ఎవరూ అనలేరు. ఊరి ఆచారాల్ని, ఉమ్మడి వనరుల్ని కాపాడుకునే అధికారం 1996 పెసా చట్టం సెక్షన్ 4 ఇచ్చింది. అడవిని, నీటి ఊటల్ని కాపాడే అధికారం 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 5 ఇచ్చింది. కాబట్టి ఊళ్లోకి వచ్చే ట్రెక్కర్లకు షరతులు ఊరే పెట్టాలి. గైడు మన ఊరివాడే, కూలి ముందే చెప్పాలి. తెచ్చిన ప్లాస్టిక్ తిరిగి మోసుకెళ్లాలి. అడక్కుండా ఆడవాళ్లని, పిల్లల్ని ఫోటో తీయకూడదు. దేవత ఉన్న గట్టు ఎక్కకూడదు. వలిసె చేలో దిగాలంటే రైతు చెప్పిన డబ్బు ఇవ్వాలి, తొక్కిన మొక్క గింజ పట్టదు మరి. ఇటుకల పండగప్పుడు మన ఆడవాళ్లు రోడ్డుకు దుంగ అడ్డం పెట్టి పజోరు అడిగితే విసుక్కునే టూరిస్టులున్నారు. సంతోషంగా ఇచ్చి, నాలుగడుగులు థింసా ఆడి వెళ్లేవాళ్లూ ఉన్నారు. మనకు రావాల్సింది ఈ రెండో రకం వాళ్లు.

దసరా లోపు మీ ఊళ్లో గ్రామసభ పెట్టించండి. తీర్మానం రాసి, పెద్దల సంతకాలు, వేలిముద్రలు తీసుకుని, ఒక కాపీ మండల ఆఫీసులో ఇచ్చి రసీదు అడగండి. ఇంకో కాపీ కొండ ఎక్కే చోట బోర్డు మీద అంటించండి, తెలుగులోనూ, మీ ఊరి భాషలోనూ.