టీకాకు అడ్డెవరు?

పామరులు మూఢులనియు, అందుచేతనే టీకాలు వేయించుకొనరనియు విద్యావంతులు తీర్పు చెప్పుచుందురు. ఈ తీర్పు చెప్పుట సులభము, నిలుపుట కష్టము.

మన తెలంగాణమున మశూచికము సోకినపుడు జనులు పోచమ్మకు బోనమెత్తిరి. టీకాను తొలుత సందేహించినవారును తుదకు చేయి చాచిరి. 1980లో మశూచికము లోకమునుండి తొలగినదని ప్రపంచారోగ్యసంస్థ ప్రకటించెను. పోచమ్మ గుడులు నేటికిని నిలిచియున్నవి. పోలియో చుక్కలు వాకిటికే వచ్చినవి గనుక తల్లులు బిడ్డల నోళ్లు తెరిపించిరి. 2014లో దేశము పోలియోరహితమని ధ్రువపత్రము పొందెను. భక్తి అడ్డు రాలేదు.

మరి అడ్డు వచ్చినదేది? పోచారమును చూడుడు. ఒకవంక ఇన్ఫోసిస్ వారి విశాలప్రాంగణము. కొంత దూరమున నాచారము, ఉప్పల్ కర్మాగారములు. నడుమ దినకూలిపై బ్రదుకువారు. 2021 మే 1 నుండి 18 ఏండ్లు నిండిన వారందరికిని టీకా అనిరి. కాని 45 ఏండ్ల లోపువారు ముందుగా కోవిన్‌లో పేరు నమోదు చేసికొనవలెననిరి. అందు తెలుగు జూన్ నెలలో గాని రాలేదు. ఈ నగరపు అంచున జీనోమ్ వ్యాలీలో తయారైన కోవాగ్జిన్‌కు ప్రైవేటు ఆసుపత్రులలో ఒక్క మోతాదు గరిష్ఠధర 1410 రూపాయలు! జూన్ 21 నుండి ప్రభుత్వకేంద్రములలో అందరికిని ఉచితమయ్యెను. సూది ఉచితమే, వరుసలో నిలిచి పోగొట్టుకొన్న కూలి ఎవరిచ్చిరి?

భయము లేదని నేననను. కాని ఆ భయమును చరవాణులలో పంచినవారిలో పట్టభద్రులు లేరా? చదువు రానివానిది మౌఢ్యము, చదివినవానిది అభిప్రాయము, ఇదియేమి న్యాయము?

ఇది పేదలపై దయ చూపు మాట మాత్రమే కాదు. తట్టు వ్యాపింపకుండవలెనన్న నూటికి 95 మందికి రక్షణ ఉండవలెను. ఇటుకబట్టీలకు వలస వచ్చిన బిడ్డ ఏ పట్టికయందును లేకపోయినచో, కావలివాడున్న మేడలోని పసిబిడ్డకును క్షేమము లేదు. తట్టు గేటు వద్ద ఆగదు.

కావున టీకా సాయంకాలములందును, ఆదివారములందును కూలీల బస్తీకే పోవలెను. ఒడియా వారికి ఒడియాలో, హిందీ వారికి హిందీలో చెప్పవలెను. ఒకటి రెండు దినములు జ్వరము రావచ్చునని దాచక ముందే తెలుపవలెను. యజమాని ఆనాటి కూలి కోయరాదు. ఇన్నియు చేసిన పిమ్మటను ఎవడేని వలదన్నచో, అప్పుడు వాని అజ్ఞానమును నిందింతము. అంతవరకు ఆ నింద మనదే.