విదేశీ భాషల చదువు మనకెందుకు వద్దు?



ప్రతి ఏడూ ఆగస్టు 9న మనం ధింసా ఆడతాం. ఒకే రంగు చీరలు కట్టుకుంటాం, తలలో పూలు పెట్టుకుంటాం, వచ్చిన పెద్దలు మనతో ఫొటోలు దిగుతారు, ఆ రోజు గుడ్డుకూర కూడా ఉంటుంది. ఇంతకీ ఆ తొమ్మిదో తారీఖే ఎందుకో మనలో ఎంతమందికి తెలుసు? నేను సోషల్ మేడమ్‌ని అడిగాను. 1982లో ఆ రోజున స్విట్జర్లాండు దేశంలోని జెనీవా పట్నంలో ఐక్యరాజ్యసమితి వాళ్లు ఆదివాసుల సంగతి మాట్లాడడానికి ఒక బృందాన్ని పెట్టి మొదటిసారి కూర్చున్నారట. 1994లో ఆ తేదీనే మన దినంగా ప్రకటించారట. అంటే మనం ఇక్కడ వేసే అడుగు వెనకాల ఎక్కడో జెనీవా ఉంది.

మరి అక్కడ ఏ భాషలో మాట్లాడతారు? ఐక్యరాజ్యసమితికి ఆరు భాషలున్నాయి. అరబ్బీ, చైనీసు, ఇంగ్లీషు, ఫ్రెంచి, రష్యన్, స్పానిష్. అందులో మా కువి లేదు, ఆదివాసీ ఒరియా లేదు, మనం పరీక్షలు రాసే తెలుగూ లేదు. మన గురించి మాట్లాడే చోట మన మాట వినిపించాలంటే ఆ ఆరింటిలో ఒకటి వచ్చినవాళ్లు మనలో ఉండాలి కదా. నా అభిప్రాయం ఇంతే. మన హాస్టల్ నుంచి ఇద్దరు ముగ్గురైనా పెద్దయ్యాక విదేశీ భాషలు, అంతర్జాతీయ సంబంధాలు చదవాలి. అలాంటి చదువు ఉందని మనకి ఇప్పుడే చెప్పాలి.

ఈ మధ్య ఒక సారు వచ్చి పదో తరగతి అక్కలకి ముందు ఏం చదవాలో చెప్పారు. మేం తొమ్మిది వాళ్లం వెనక కూర్చున్నాం. బోర్డు మీద నర్సింగు, టీచర్ ట్రైనింగు, పాలిటెక్నిక్, పోలీసు అని రాశారు. నేను లేచి ఫ్రెంచి, స్పానిష్ లాంటివి ఎక్కడ చదవాలండీ అని అడిగాను. "ముందు తెలుగు ఒత్తులు సరిగ్గా రాయి తల్లీ, ఫ్రెంచి తర్వాత చూద్దాం" అన్నారు. అందరూ నవ్వారు. నర్సు పని, టీచరు పని చిన్నవని నేను అనడం లేదు. మా ఊరికి నర్సమ్మ వచ్చిందంటే అమ్మమ్మ లేచి నిలబడుతుంది. కానీ బోర్డు మీద నాలుగే ఎందుకు ఉండాలి? పట్నం పిల్లలకి రాసేటప్పుడు కూడా నాలుగే రాస్తారా?

అంతర్జాతీయ సంబంధాలంటే ఏటి అని మా బెంచీలో అడిగారు. దేశానికీ దేశానికీ మధ్య జరిగే బేరం, స్నేహం, తగువు, ఒప్పందం. వాటి గురించిన చదువు అది. మనకి దూరం విషయం అనుకుంటాం గానీ కాదు. మన కొండ మీద మిరియం తీగ కింద కాసే కాఫీ పళ్లు మన అమ్మలు కోస్తారు. అదే అరకు కాఫీ పేరు మీద 2017లో ఫ్రాన్సు రాజధాని పారిస్‌లో దుకాణం తెరిచారు. 2019లో ఆ పేరుకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పారిస్‌లో దాన్ని తాగే ఆవిడ ఫ్రెంచిలో ఏమంటుందో మా అమ్మకి తెలీదు, మా అమ్మ చేతి గీరుల సంగతి ఆవిడకి తెలీదు. మధ్యలో చెప్పేవాళ్లు ఎవరో ఉన్నారు. వాళ్లు మనవాళ్లు కాదు.

ఇంకోటి. 2007లో అప్పటి రాష్ట్ర ప్రభుత్వం అరబ్బు దేశాల వైపున్న రస్ అల్ ఖైమా అనే చిన్న రాజ్యంతో మన విశాఖ మన్యం బాక్సైట్ కోసం ఒప్పందం చేసుకుంది. మన జనం ఒప్పుకోలేదు, తవ్వకం జరగలేదు. తర్వాత అది దేశాల మధ్య ఒప్పందాల కింద తగువుగా కూడా మారింది. మా తాత ఆ గొడవల రోజుల్లో ఊరేగింపులకి నడిచి వెళ్లాడు. "కొండ ఇక్కడ, రాజు అక్కడ, కాగితం ఎక్కడో" అంటాడు ఇప్పటికీ. విచిత్రం ఏమిటంటే అదే 2007లో, సెప్టెంబరు 13న, ఐక్యరాజ్యసమితి ఆదివాసుల హక్కుల ప్రకటన చేసింది. 144 దేశాలు ఔనన్నాయి, మన దేశం కూడా ఔనంది. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండు నాలుగూ కాదన్నాయి. తర్వాత అవీ మనసు మార్చుకున్నాయి. ఆదివాసుల భూమి మీద ఏదైనా పని పెట్టే ముందు వాళ్లకి అన్నీ తెలియజెప్పి, బలవంతం లేకుండా, ముందుగానే ఒప్పుదల తీసుకోవాలని ఆ ప్రకటనలో ఉంది. తాతకి ఇది చెబితే "మరి ఆ రోజు ఈ ముక్క మాకు ఎవరూ చెప్పలేదేం?" అన్నాడు. చెప్పేవాళ్లు ఉంటే కదా!

మా నాన్నకి చదువు రాదు, వేలిముద్ర వేస్తాడు. నేను ఐదో తరగతిలో ఉండగా సంతలో కాఫీ గింజలు కొన్నవాడు నోటితో 42 కిలోలు అన్నాడు. చీటీ మీద 38 అని రాశాడు. నేను పైకి చదివాను. వాడు చీటీ చింపి మళ్లీ రాశాడు. దేశాలు రాసుకునే ఒప్పందం కూడా చీటీయే, కాకపోతే పెద్ద చీటీ. చదివేవాళ్లు పక్కనుంటే రాసేవాడి చెయ్యి జాగ్రత్తగా ఉంటుంది.

మాటకి చోటు దొరకడం అంత సులువు కాదని కూడా తెలుసుకోవాలి. 1923లో కెనడా వైపు నుంచి డెస్కాహే అనే ఆదివాసీ పెద్ద సముద్రం దాటి జెనీవా వెళ్లాడు. అప్పుడు ఐక్యరాజ్యసమితి లేదు, నానాజాతి సమితి ఉండేది. తమ వాళ్ల ఒప్పందాలు తప్పుతున్నారని చెప్పుకుందామనుకున్నాడు. ఆ సభలో మాట్లాడనివ్వలేదు. 1925లో చనిపోయాడు. మన 9వ తారీఖు సమావేశం జరిగింది ఆయన వెళ్లిన 59 ఏళ్లకి. అదీ అదే ఊళ్లో.

గ్వాటెమాలా దేశంలో రిగోబెర్తా మెంచూ అని ఒకావిడ ఉన్నారు. మాయా జాతి, ఇంటి భాష కిచే. చిన్నప్పుడు ఇంటివాళ్లతో కాఫీ తోటల్లో కూలికి వెళ్లేది. (ఇది విన్నప్పుడు నాకు ఆవిడ మా పక్క ఊరు మనిషిలా అనిపించింది.) ఆ దేశంలో అధికారుల భాష స్పానిష్. అది ఆవిడ సొంతంగా నేర్చుకుంది, మిగతా మాయా భాషలూ నేర్చుకుంది. వాళ్ల మీద జరిగినదంతా ప్రపంచానికి చెప్పింది. 1992లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. మన దేశంలో జైపాల్ సింగ్ ముండా గారు ఆక్స్‌ఫర్డులో చదివారు, 1928 ఒలింపిక్సులో మన హాకీ జట్టుకి నాయకుడు, తర్వాత రాజ్యాంగ సభలో ఆదివాసుల తరఫున నిలబడి మాట్లాడారు. ఆయన ముండారి మర్చిపోయి ఇంగ్లీషు నేర్చుకున్నాడా? లేదు కదా.

ఇక "మనకి ఇంగ్లీషే రాదు, ఇంకో భాషా" అనే మాట. దీనికి నేను అస్సలు ఒప్పుకోను. మా అమ్మమ్మ బడి గడప తొక్కలేదు. ఇంట్లో కువి, పక్క ఊరివాళ్లతో ఆదివాసీ ఒరియా, సంతలో తెలుగు. మూడు భాషల్లోనూ తిట్టగలదు, మూడింట్లోనూ బేరం ఆడగలదు. పట్నంలో ఒక్క భాషతో బతుకు వెళ్లదీసేవాళ్లు ఎంతమందో! మనం పుట్టడమే రెండు మూడు భాషల్లో పుట్టాం. కువి, తెలుగు, గోండి ఒకే ద్రావిడ కుటుంబం. ఒరియాది వేరే కుటుంబం. అది దూరంగా వెళ్లి రష్యన్, ఫ్రెంచిలని కలుస్తుంది. ఒరియాలో రెండుని దుయి అంటాం, రష్యన్‌లో ద్వా అంటారట. సంతలో దుయి అంటూ లెక్కపెట్టే మన చెల్లికి ద్వా అనడం కష్టమా?

ఎక్కడ చదవాలో నేను తెలుసుకున్నంత చెబుతాను. హైదరాబాదులోనే ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఉంది. 1958లో ఇంగ్లీషు సంస్థగా పెట్టారు, 2007లో కేంద్ర విశ్వవిద్యాలయం చేశారు. అక్కడ ఫ్రెంచి, జర్మన్, రష్యన్, స్పానిష్, అరబ్బీ, జపనీసు ఇంకా చాలా ఉన్నాయి. ఢిల్లీలో జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం ఉంది. అందులో ఇంటర్ అయ్యాక నేరుగా విదేశీ భాషలో బి.ఏ. చేరొచ్చు, అక్షరాల నుంచీ వాళ్లే నేర్పుతారు. అంతర్జాతీయ సంబంధాలకి అక్కడ పెద్ద విభాగమే ఉంది, దాని మొదలు 1955 నాటిది. అది బి.ఏ. తర్వాత ఎం.ఏ.లో చదవొచ్చు. బి.ఏ.లో చేరడానికి 2022 నుంచి దేశమంతటికీ కలిపి ఒక ప్రవేశ పరీక్ష పెడుతున్నారు, సీయూఈటీ అంటారు. అది 13 భాషల్లో ఉంది, తెలుగు కూడా ఉంది. కేంద్ర విశ్వవిద్యాలయాల్లో మన ఎస్టీలకి నూటికి ఏడున్నర సీట్లు. పై దేశంలో పై చదువుకి వెళ్లడానికి కేంద్ర గిరిజన శాఖ ఇచ్చే ఉపకార వేతనం కూడా ఉంది, అయితే దేశం మొత్తానికి ఏడాదికి 20 మందికే. ఇరవై అంటే మన ఒక్క డార్మిటరీ మంచాలకన్నా తక్కువ.

విదేశాంగ సేవలో చేరాలంటే కలెక్టరు పరీక్షే రాయాలి. సెలక్టు అయ్యాక ఒక విదేశీ భాష వాళ్లే నేర్పిస్తారు. అక్కడ చేరిన మొదటి ఆడమనిషి కొడగు నుంచి వచ్చిన ముత్తమ్మ గారు, 1949లో. అప్పట్లో ఆ ఉద్యోగంలో ఆడవాళ్లు పెళ్లి చేసుకోవాలంటే ప్రభుత్వం అనుమతి అడగాలి, పెళ్లయ్యాక రాజీనామా కూడా ఇమ్మనొచ్చు. మగవాళ్లకి ఆ రూలు లేదు. ఆవిడ సుప్రీంకోర్టుకి వెళ్లారు, 1979లో కోర్టు ఆవిడ వైపు మాట్లాడింది. మన దగ్గర పదో తరగతి అవగానే పెళ్లి మాట తెచ్చే చుట్టాలకి ఈ సంగతి చెప్పండి. నేను మా మేనత్తకి చెప్పాను. "ఆవిడకి కోర్టుంది, నీకు నేనున్నాను" అంది. దానికి జవాబు ఇంకా వెతుకుతున్నాను.

ఉద్యోగం వస్తుందా అంటారు. అందరం రాయబారులం అవుతామని నేను చెప్పను, అది అబద్ధం. అనువాదం చేసేవాళ్లు, గైడులు, భాషా టీచర్లు, వేరే దేశం కంపెనీల్లో పనిచేసేవాళ్లు కావొచ్చు. నర్సు అవుతానన్న అక్కలూ వినండి. జర్మనీలో నర్సుగా చేయాలంటే జర్మన్ భాష పరీక్ష ప్యాసవ్వాలి. ఫోనే అన్నీ మార్చి చెప్పేస్తుంది కదా అని ఒక అక్క అంది. ఆ అక్క ఫోనులోనే వెతికితే ఫ్రెంచి దొరికింది, మా కువి దొరకలేదు. అమ్మమ్మ చెప్పింది ఫ్రెంచిలోకి వెళ్లాలంటే మధ్యలో మనిషి కావాలి, ఆ మనిషి అమ్మమ్మ మాట విని పెరిగినదై ఉండాలి.

ఢిల్లీ దూరమే. నాకూ భయమే. కానీ మన ఊళ్ల నుంచి ఈ హాస్టలుకి మొదట వచ్చినప్పుడు మూడో తరగతి పిల్లలు వారం రోజులు ఏడుస్తారు, తర్వాత సెలవులకి వెళ్లమన్నా స్నేహితుల కోసం చూస్తారు.

వార్డెన్ మేడమ్ గారికి నా విన్నపం. ఆఫీసు గదికి వచ్చే పేపర్లో విదేశీ వార్తల పేజీని మర్నాడు మాకు ఇప్పించండి, ఈ గోడపత్రిక పక్కన అంటిస్తాం. ఇంటర్ చదివే పాత అక్కలకి ఆ ప్రవేశ పరీక్ష ఫారం తేదీ తెలియజేయించండి. కుల ధ్రువపత్రం కోసం ఆఖరి రోజున తిరగకుండా ముందే తీయించండి. స్టోరు రూములో బియ్యం బస్తాల వెనకాల ప్రపంచ పటం ఒకటి చుట్టి ఉంది, అంచు ఎలకలు కొరికాయి గానీ దేశాలన్నీ బాగానే ఉన్నాయి. దాన్ని భోజనాల హాలులో తగిలించడానికి మా బెంచీ వాళ్లం ముగ్గురం ఆదివారం వస్తాం. నాలుగు మేకులు, ఒక స్టూలు, స్టోరు రూము తాళంచెవి ఇప్పించగలరు.

ఇట్లు
తొమ్మిదో తరగతి, బి సెక్షను విద్యార్థిని